ఉగ్గాని మరక, నాపరాయి మచ్చ

శనివారం మా వాడికి బళ్ళో తెల్ల బట్టలు. మా ఇంట్లో ఉగ్గాని చేసేదీ శనివారమే. రెండూ ఒకే రోజు పెట్టుకోవడం నా తెలివితక్కువ. బొరుగుల్లో పసుపు కాస్త ఎక్కువ పడందే నాకు తృప్తి ఉండదు. మొన్న కూడా అంతే. సాయంత్రం వాడు ఇంటికొచ్చేసరికి చొక్కా జేబు కింద అరచేయంత పసుపు మరక. మధ్యాహ్నం డబ్బా ఒళ్ళో బోర్లా పడిందట.

దొడ్లో బండ మీద వేసి సబ్బు రుద్దాను. నాలుగు రుద్దులకే పసుపు కాస్తా ఎర్రగా తిరిగింది. పక్కనే నిలబడి చూస్తున్న మా వాడు "అమ్మా, రక్తం!" అని ఒకటే అరుపు. వాడిది ఏడో తరగతి. పసుపు కాగితం సబ్బు నీళ్ళలో ముంచితే ఎర్రబడుతుందని పోయిన వారమే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. పరీక్షలో రాసింది చొక్కా మీద కనబడితే గుర్తుపట్టలేకపోయాడు. వాణ్ణి అనడానికేముంది, అనంతపురంలో మూడేళ్ళు బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నేను మరుసటి రోజు చేసిన పని ఇంతకంటే ఘోరం. దాని దగ్గరికి వస్తాను.

వంటింట్లోంచి అర నిమ్మచెక్క తెచ్చి ఎర్రమరక మీద పిండాను. వెంటనే పసుపు. మళ్ళీ సబ్బు, మళ్ళీ ఎరుపు. మళ్ళీ నిమ్మ. చొక్కా సంగతి మర్చిపోయి ఇద్దరం పావుగంట అదే ఆట ఆడాం. పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఏడుకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ పీహెచ్ 7.4 దగ్గర రంగు మారడం మొదలుపెట్టి 8.6 దాటేసరికి ఎర్రబడిపోతుంది. బట్టల సబ్బు నీళ్ళు తొమ్మిది, పది మధ్య ఉంటాయి. నిమ్మరసం రెండు, రెండున్నర. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడిస్తే నిమ్మకాయ లేకపోయినా ఎరుపు పోయి పసుపు మరకే మిగులుతుంది. ఆ మిగిలినదానికి మందు ఎండ. కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. తడి చొక్కాను ఎండలో పరిచి సాయంత్రం చూస్తే చాలావరకు పోయి ఉంటుంది. మా అనంతపురంలో దేనికి కరువొచ్చినా ఎండకు రాదు.

ఈ ఎరుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తాడిపత్రిలో మా అవ్వ ఎర్రనీళ్ళతో దిష్టి తీసేది. ఇత్తడి తట్టలో నీళ్ళు, చిటికెడు పసుపు, తమలపాకుల పెట్టెలోంచి వేలితో తీసిన కాస్త సున్నం. వేలు తిప్పగానే నీళ్ళు చిక్కటి ఎరుపు. కుంకుమ కలిపిందనే చాలా రోజులు అనుకున్నాను. ఒకసారి ఎవరూ చూడకుండా ఆ తట్టలో నిమ్మకాయ పిండాను. ఎరుపు విరిగి పసుపు నీళ్ళయ్యాయి. దిష్టి నీళ్ళు పాడుచేసినందుకు అవ్వ వీపు మీద ఒకటి వేసింది. అయితే ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయింది దెబ్బ కాదు. తట్ట అడుగున కాసేపటికి తెల్లగా పిండిలాంటిది పేరుకుంది. అది ముందు వేసిన సున్నమే అనుకున్నాను. కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. సున్నంలోని కాల్షియం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కలిసి కాల్షియం సిట్రేట్ అవుతాయి. అది నీళ్ళలో పెద్దగా కరగదు కాబట్టి కిందికి దిగుతుంది.

బడిలో మాకు చెప్పింది ఒకే ముక్క: ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయి. పంతులుగారు దాన్ని ఎక్కాలలాగా మూడుసార్లు అనిపించి వదిలేసేవారు. ముక్క తప్పు కాదు. కానీ అది వింటే ఏదో రాజీ కుదిరినట్టు, రెండూ సగం సగం తగ్గి గొడవ సద్దుమణిగినట్టు అనిపిస్తుంది. ఎంతకు ఎంత, ఎంత వేడి పుడుతుంది, మిగిలింది ఏమవుతుంది అనేవేవీ అందులో లేవు. నాకు జరిగిన నష్టాలన్నీ ఆ మూడింటి దగ్గరే జరిగాయి.

ఎంతకు ఎంత అనేది అవ్వ తట్టతోనే చూద్దాం. ఒక గ్రాము పొడి సున్నాన్ని పూర్తిగా తటస్థం చేయాలంటే 1.7 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కావాలి. నిమ్మరసంలో అది నూటికి ఐదారు పాళ్ళు ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల రసం. మా సంతలో దొరికే కాయలకైతే రెండు పిండాలి. ఒక గ్రాము అంటే చిటికెడు. అదే సున్నం కొట్టడానికి డ్రమ్ములో నానబెట్టిన సున్నమైతే సంతలోని నిమ్మకాయలన్నీ తెచ్చినా చాలవు. సున్నం బలం అది.

కొలిచి పోయడం నేర్పింది ఇంటర్ ల్యాబు. ఏ కాలేజీ అని చెప్పను. ఆ రోజుల్లో చాలా చోట్ల కొలత గీత ఉన్న గాజు గొట్టం పిపెట్‌ను నోటితోనే పీల్చేవాళ్ళం. 20 మిల్లీలీటర్ల గీత దాకా పీల్చి, వేలు అడ్డం పెట్టి, శంకు కుప్పెలో వదలాలి. నేను గీత మీద చూపు పెట్టకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ పీల్చాను. సోడియం హైడ్రాక్సైడు, అదే కాస్టిక్ సోడా నీళ్ళు, నోట్లోకి వచ్చేసింది. రుచి కంటే ముందు తెలిసింది జారుడు. నాలుక, పళ్ళు, చిగుళ్ళు అన్నీ ఒకదాని మీద ఒకటి జారిపోతున్నాయి. క్షారం చర్మం మీది కొవ్వును సబ్బు చేస్తుంది, ఆ జారుడు అదే. అంటే నా నోటినే నాకు సబ్బు చేసి పెట్టింది.

పక్క బల్ల అమ్మాయి మంచి మనసుతో పలచటి ఎసిటిక్ ఆమ్లం సీసా అందించింది. పుస్తకం ప్రకారం సరైన పనే కదా, క్షారానికి ఆమ్లం. ల్యాబ్ అటెండరన్న ఆ సీసా లాక్కుని, నా మెడ పట్టుకున్నంత పని చేసి కొళాయి కిందికి వంచాడు. "కలిపే పని కుప్పెలో చెయ్యి పాపా, నోట్లో కాదు. పుక్కిలించు, ఇంకా పుక్కిలించు." పావుగంట పుక్కిలించాను. పదోవంతు మోలార్, అంటే లీటరుకు నాలుగు గ్రాములే ఉన్న పలచటి ద్రావణం కావడంతో నాలుక రెండు రోజులు మొద్దుబారి బాగైపోయింది.

ఆయన ఎందుకు వద్దన్నాడో తర్వాత లెక్క కట్టుకున్నాను. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసినప్పుడు ఒక మోల్‌కు (కాస్టిక్ సోడా అయితే 40 గ్రాములకు) 57 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. ఆమ్లం హైడ్రోక్లోరికా, నైట్రికా, క్షారం సోడియందా, పొటాషియందా అన్నది పట్టింపు లేదు, వేడి దాదాపు అంతే. ఎందుకంటే అసలు జరిగే పని ఎప్పుడూ ఒకటే. ఆమ్లం ఇచ్చిన హైడ్రోజన్ అయాన్, క్షారం ఇచ్చిన హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి నీటి అణువు కావడం. సోడియం, క్లోరిన్ అయాన్లు పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగా పక్కన నిలబడి ఉంటాయంతే. ద్రావణంలో పదార్థం ఇలా అయాన్లుగా విడిపోతుందని 1884లో స్వీడన్ కుర్రాడు అర్హీనియస్ డాక్టరేటుకు రాస్తే, పరీక్షకులు అత్తెసరు గ్రేడు ఇచ్చి పంపారు. 1903లో ఆ పనికే నోబెల్ వచ్చింది.

మా ల్యాబులోని పలచటి ద్రావణాలు సమానంగా కలిపితే పెరిగేది ఒక డిగ్రీలో ముప్పాతిక. చేతికి తెలియనే తెలియదు. పది రెట్లు చిక్కగా, అంటే లీటరు నీళ్ళలో 40 గ్రాముల కాస్టిక్ సోడా ఒకవైపు, 36.5 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒకవైపు ఉంటే ఏడు డిగ్రీలు పెరుగుతుంది. దానికి ఐదు రెట్లు చిక్కనైతే 34 డిగ్రీలు. మే నెలలో మా ట్యాంకు నీళ్ళు ఎలాగూ 40 దగ్గరుంటాయి, కలిపితే 74. ఒంటి మీద ఆమ్లం పడ్డవాళ్ళకు సున్నం నీళ్ళు పోస్తే కాలిన చోట ఇంకోసారి కాల్చినట్టే. పడిన వెంటనే ధారగా మంచినీళ్ళు, కనీసం ఇరవై నిమిషాలు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి. గోడకు కొట్టే సున్నం కంట్లో పడ్డా అంతే. క్షారం ఆమ్లం కంటే లోపలికి దిగుతుంది, కంటికి దానితోనే ఎక్కువ ప్రమాదం. కందిరీగ కుడితే సున్నం రాయడం, తేనెటీగకు ఇంకొకటి రాయడం మా ఊళ్ళో ఇప్పటికీ ఉంది. ముల్లు విషాన్ని చర్మం లోపలికి దించుతుంది, పైన రాసింది అంత లోపలికి పోదు. పైగా ఆ విషంలో బాధపెట్టేది ఉత్త ఆమ్లం కాదు, ప్రోటీన్లు.

అదే ల్యాబులో ఇంకో సంగతి. కుప్పెలోని ఆమ్లంలో ఫినాఫ్తలీన్, అంటే క్షారం తగిలితే గులాబీ అయ్యే మందు, రెండు చుక్కలు వేసి, కొళాయి ఉన్న గాజు గొట్టం బ్యూరెట్ నుంచి క్షారం చుక్కలు చుక్కలుగా వదులుతాం. చాలాసేపు ఏమీ కాదు. పడిన చోట గులాబీ మెరిసి మాయమవుతుంది. విసుగొచ్చి కాస్త కొళాయి తిప్పామో, ఒక్కసారిగా కుప్పె అంతా ముదురు గులాబీ. అయిపోయింది, మొదటి నుంచి మళ్ళీ. సరిగ్గా చేసినవాళ్ళ కుప్పె ఉందా లేదా అన్నంత లేత రంగులో ఉంటుంది. ఆ చివరన పీహెచ్ మెట్లెక్కదు, గోడ దూకుతుంది. అర చుక్కకే నాలుగైదు అంకెలు దాటిపోతుంది. నాది ఎప్పుడూ ముదురే. "మీ ఇంట్లో పెళ్ళా, ఇంత రంగు?" అనేవారు మా మేడమ్. లేత గులాబీ వచ్చిన కుప్పెను అలాగే వదిలేస్తే కాసేపటికి రంగు పోతుంది. నేను పొరపాటు చేశానని మళ్ళీ చేసేదాన్ని. అది గాలి చేసే పని. గాలిలోని కార్బన్ డయాక్సైడు నీళ్ళలో కరిగి, కార్బోనిక్ ఆమ్లమై, మిగిలిన ఆ రవ్వంత క్షారాన్ని తినేస్తుంది.

ఇక ఆదివారం సంగతి. మా హాల్లో తాడిపత్రి నల్లబండలు. నాపరాయి. ఇల్లు కట్టించినప్పుడు గ్రానైట్ వేద్దామని మా ఆయన అన్నాడు, మా నాయన పడనివ్వలేదు. నాయన ముప్పై ఏళ్ళు తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో కోతా, పాలిష్ పనీ చేశాడు. ఎండాకాలం నాపరాయి మీద పడుకున్నవాడికే దాని విలువ తెలుస్తుందంటాడు. ఈమధ్య కిటికీ గ్రిల్లు మార్పించినప్పుడు మేస్త్రీ సిమెంటు చుక్కలు పడేసి పోయాడు. అవి పోవడానికి బాత్రూమ్ యాసిడ్ పోయమని హార్డ్‌వేర్ షాపతను సలహా ఇచ్చి సీసా కూడా చేతిలో పెట్టాడు.

పోశాను. అదే నేను చేసిన ఘోరం. బుసబుసా నురగ లేచింది. మురికి ఊడుతోందని సంతోషపడి ఇంకాస్త పోశాను. తుడిచి చూస్తే, సిమెంటు చుక్కలతో పాటు బండ నునుపు కూడా పోయి, తట్టంత వెడల్పున బూడిదరంగు మచ్చ. చేయి పెడితే గరుకు. నాపరాయి అంటే సున్నపురాయే, కాల్షియం కార్బోనేటు. యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండూ కలిస్తే కాల్షియం క్లోరైడు, నీళ్ళు, కార్బన్ డయాక్సైడు. ఒక గ్రాము రాయి కరిగితే దాదాపు పావు లీటరు గ్యాసు వస్తుంది. నేను మురికి అనుకుని మురిసిన నురగంతా మా ఇంటి నేల.

కంగారులో ఇంకో తప్పు. ఆమ్లాన్ని చంపాలని అల్మారాలోని బట్టల సోడా పొట్లం తీసి అంతా కుమ్మరించాను. మళ్ళీ నురగ. పక్కింటావిడ వాకిట్లోంచే "బ్లీచింగ్ పౌడర్ చల్లు అక్కా, తెల్లగా పోతుంది" అంది. ఆ మాట విని మా నాయన మంచం మీది నుంచి లేచి అరిచిన అరుపు వీధంతా వినబడింది. "చల్లాకు! యాసిడ్ మీద అది పడితే గ్యాసొస్తాది, అందరూ దగ్గి చస్తాం!" ఆయన చదివింది ఐదో తరగతి. కానీ ఆయన అన్నది అక్షరాలా నిజం. బ్లీచింగ్ పౌడర్ సున్నానికి క్లోరిన్ పట్టించి చేసేది. ఆమ్లం తగిలితే పట్టిన క్లోరిన్ అంతా విషవాయువుగా బయటికొస్తుంది. ఇక్కడ ఆమ్లం, క్షారం, లవణం లెక్క పనికిరాదు. నీళ్ళు కొట్టి కొట్టి కడిగించాడు, కిటికీలన్నీ తీయించాడు.

అంతా అయ్యాక మచ్చ దగ్గర గొంతుకూర్చుని వేలితో తడిమి, "ఫ్యాక్టరీలో ఏది నాపో ఏది గ్రానైటో చూసేదానికి ఒక్క చుక్క వేస్తాం మ్మే. పొంగితే నాప. నువ్వు సీసా పోసి చూసినావు" అన్నాడు. నేను బీఎస్సీ అని గుర్తు చేయలేదు, నయం.

దీనికి ముందు దసరా సెలవుల్లో మా వాణ్ణి బెలుం గుహలకు తీసుకెళ్ళాం. తాడిపత్రి నుంచి ఎంతో దూరం లేదు, ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వస్తుంది. మొత్తం 3,229 మీటర్ల గుహలు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్కపోత, గాలి గొట్టాలు, పసుపురంగు దీపాలు. పాతాళగంగ దగ్గర నాయన గోడ మీద చేయి వేసి "ఇది మన రాయేరా" అన్నాడు మనవడితో. మన రాయే. నేను ఐదు నిమిషాల్లో మా హాల్లో చేసిన పనిని అక్కడ వాననీళ్ళు లక్షల ఏళ్ళు చేశాయి. వాన గాలిలోని కార్బన్ డయాక్సైడును కరిగించుకుని, మట్టిలో వేర్లు వదిలినదాన్ని ఇంకా ఎక్కువ కలుపుకుని, పలచటి కార్బోనిక్ ఆమ్లమై రాతి పగుళ్ళలోకి దిగుతుంది. సున్నపురాయి బైకార్బోనేటుగా కరిగిపోతుంది. ఆ నీళ్ళు పైకప్పు నుంచి బొట్లు బొట్లుగా జారినప్పుడు గ్యాసు విడిచి, రాయిని మళ్ళీ రాయిగా వదిలిపెడతాయి. మా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్ల పొర అదే. దాన్ని వదిలించడానికి అవ్వ చింతపండు వేసి రుద్దేది. అది మళ్ళీ ఆమ్లమే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం సున్నం గోడ. చిన్నప్పుడు సంక్రాంతికి ముందు నాయన బట్టీ నుంచి సున్నపు రాళ్ళు తెచ్చి డ్రమ్ములో వేసి నీళ్ళు పోసేవాడు. పొయ్యి లేకుండానే కుతకుత ఉడికేది. దగ్గరికి రానిచ్చేవాడు కాదు. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి రాయి కార్బన్ డయాక్సైడును వదిలేసి గవ్వలా తేలికైపోతుంది. నీళ్ళు పడగానే ఆ వేడిలో కొంత కక్కి సున్నమవుతుంది. గోడకు కొట్టిన రోజు పలచగా, నీళ్ళ రంగులో ఉంటుంది. ఇంత కష్టపడి ఇదేనా అనిపిస్తుంది. మరుసటి రోజుకు తెల్లబడుతుంది. బట్టీలో పోగొట్టుకున్న గ్యాసును గాలిలోంచి మెల్లగా తిరిగి తీసుకుని, క్షారంగా ఉన్నది మళ్ళీ రాయవుతుంది. ల్యాబులో నా గులాబీ రంగును తినేసిన గాలే మా గోడను గట్టిచేసింది. రంగు డబ్బాలొచ్చాక ఈ పని పెద్దగా ఎవరూ చేయడం లేదు. గోడలు బాగానే ఉన్నాయి కానీ ఆ తడి సున్నం వాసన లేకుండా నాకు సంక్రాంతి సగమే.

సరే, మచ్చ. నాయన మాట ప్రకారం మళ్ళీ పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. పాలిష్ మనిషి వచ్చే ఆదివారం వస్తానన్నాడు. ఈలోగా మా వాడికి అనుమానమొచ్చింది. "అమ్మా, యాసిడ్ పూర్తిగా పోయిందా, సోడా ఎక్కువైందా?" మంచి ప్రశ్నే అని లోలోపల మురిసి, వాడు వంటింట్లోకి పోవడం చూసి కూడా ఊరుకున్నాను. గిన్నెలో పసుపు నీళ్ళు కలుపుకొచ్చి మచ్చ మీద పోశాడు. అంచుల వెంబడి, బండల సందుల్లో ఎర్రగా తేలింది. అన్ని నీళ్ళు కొట్టినా సందుల్లో బట్టల సోడా మిగిలే ఉందన్నమాట. నాది ఇప్పుడూ ముదురు గులాబీయే.

నునుపు పోయిన రాయి కదా, పసుపును బాగా పీల్చుకుంది. ఎన్నిసార్లు తుడిచినా ఎరుపు పోయింది గానీ పసుపు పోలేదు. నాయన కళ్ళద్దాలు సవరించుకుని కాసేపు చూశాడు. లేచి వెళ్ళి కిటికీ తెర పక్కకు లాగాడు. మధ్యాహ్నం రెండు గంటల నుంచి ఆ బండ మీద ఎండ పడుతుంది.